బ్రేక్‌పాయింట్ దగ్గర పీహెచ్‌పీ ఆగడం లేదా?

వీఎస్ కోడ్‌లో లైను పక్కన ఎర్ర చుక్క (కోడ్ అక్కడ ఆగాలని చెప్పే బ్రేక్‌పాయింట్) పెట్టారు, ఎఫ్5 నొక్కారు, బ్రౌజర్‌లో పేజీ రిఫ్రెష్ చేశారు. పేజీ ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది. ఎడిటర్ మాత్రం ఉలకదు, పలకదు.

ముందు ఒక సంగతి. ఎడిటరే వెళ్లి సర్వర్‌ని పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. పీహెచ్‌పీని మధ్యలో ఆపి చూపించే ఎక్స్‌డీబగ్ అనే టూల్‌లో వ్యవహారం తిరగబడి ఉంటుంది: సర్వర్ ఫోన్ చేస్తుంది, ఎడిటర్ ఎత్తుతుంది. ఎఫ్5 నొక్కడమంటే ఫోన్ పక్కన కూర్చోవడమే. కాబట్టి వెతకాల్సింది ఎక్కువగా సర్వర్ వైపే.

అసలు ఫోన్ ఉందా?

టెర్మినల్‌లో పీహెచ్‌పీ వెర్షన్ అడిగితే ఎక్స్‌డీబగ్ పేరు కనిపిస్తుంది. అది చూసి నమ్మకండి. ఉబుంటులో టెర్మినల్ పీహెచ్‌పీకి ఒక సెట్టింగుల ఫైలు (పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ), వెబ్ పేజీలు నడిపే ఎఫ్‌పీఎమ్‌కి ఇంకొకటి. మొదటిదాన్ని మార్చి రెండోది ఎందుకు మారలేదా అని నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. పీహెచ్‌పీఇన్ఫో ఫంక్షన్ ఉన్న చిన్న ఫైలు రాసి బ్రౌజర్‌లోనే తెరవండి. ఏ ఐఎన్‌ఐ లోడైందో పైనే ఉంటుంది, ఎక్స్‌డీబగ్ ఉంటే కింద దాని సెక్షన్ కనిపిస్తుంది. ఐఎన్‌ఐ మార్చాక ఎఫ్‌పీఎమ్‌ని రీస్టార్ట్ చేయకపోతే మార్చి లాభం లేదు.

ఉంది, కానీ మోగడం లేదు

పాత ట్యుటోరియల్ చూసి రిమోట్ ఎనేబుల్ అని పెట్టారేమో చూడండి. 2020లో వచ్చిన ఎక్స్‌డీబగ్ 3లో ఆ పేర్లు చెల్లవు. ఇప్పుడు మోడ్ అనే సెట్టింగుకి డీబగ్ అని ఇవ్వాలి. పోర్టూ మారింది: ఎఫ్‌పీఎమ్ వాడే 9000తో గొడవ పడకుండా 9003 అయింది. వీఎస్ కోడ్ డీబగ్ సెట్టింగులుండే లాంచ్.జేసన్‌లో ఇంకా 9000 ఉంటే ఫోన్ ఒక గదిలో మోగుతుంటే మీరు ఇంకో గదిలో కూర్చున్నట్టే.

ఇంకోటి: మోడ్ సరిగ్గా పెట్టినా, బ్రౌజర్ నుంచి ట్రిగ్గర్ (డీబగ్ మొదలుపెట్టమనే సంకేతం) వెళితే తప్ప ఎక్స్‌డీబగ్ కదలదు. దానికి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, లేదా ఎక్స్‌డీబగ్‌లో స్టార్ట్ విత్ రిక్వెస్ట్ అనే సెట్టింగుకి యెస్ ఇవ్వండి. యెస్ పెడితే ప్రతి రిక్వెస్టూ ఎడిటర్‌కి ఫోన్ చేయబోతుంది, సైటు నీరసంగా నడుస్తుంది. నేనైతే ఎక్స్‌టెన్షనే వాడతాను.

డాకర్‌లో మాత్రమే సమస్య

డాకర్ మీ సైటుని కంటైనర్ అనే విడి పెట్టెలో నడుపుతుంది. దాని లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మీ లాప్‌టాప్ కాదు. ఎక్స్‌డీబగ్ లాగ్ ఫైలు ఆన్ చేస్తే లోకల్‌హోస్ట్ 9003కి ప్రయత్నించాను, కుదరలేదు అన్న అర్థంతో ఒక లైను దొరుకుతుంది. ఎక్స్‌డీబగ్ క్లయింట్ హోస్ట్ సెట్టింగులో హోస్ట్.డాకర్.ఇంటర్నల్ అని ఇవ్వండి. లినక్స్‌లో ఆ పేరు దానంతటదే దొరకదు. కంపోజ్ ఫైలులో ఎక్స్‌ట్రా హోస్ట్స్ కింద దాన్ని హోస్ట్-గేట్‌వేకి కలపాలి.

కనెక్టయింది, అయినా ఆగదు

ఇక మిగిలింది దారి. కంటైనర్‌లో ఫైలు ఉన్న ఫోల్డర్ వేరు, మీ మెషీన్‌లో ఉన్న ఫోల్డర్ వేరు. ఆ ఎర్ర చుక్క ఏ ఫైలుదో ఎక్స్‌డీబగ్‌కి తెలియదు. లాంచ్.జేసన్‌లో పాత్ మ్యాపింగ్స్ రాయండి: ఎడమ పక్క సర్వర్ దారి, కుడి పక్క మీ దారి. చాలామంది తిరగేసి రాస్తారు.

ఆగింది, కానీ బ్రౌజర్‌లో 504

మీరు వేరియబుల్స్ చూస్తూ ఆలోచిస్తుంటే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ 60 సెకన్లు చూసి చేతులెత్తేస్తుంది. కోడ్‌లో తప్పేమీ లేదు. ఫాస్ట్‌సీజీఐ రీడ్ టైమవుట్‌ని 600 చేసి ఎన్‌జిన్‌ఎక్స్‌ని రీలోడ్ చేయండి. ఇది మీ మెషీన్‌లోనే, లైవ్ సర్వర్‌లో కాదు.