బిడ్డకు తొలి ఘనాహారం – 2వ పాఠం: తగిన సమయాన్ని గుర్తించడం

తొలి ఆరు నెలలు బిడ్డకు పాలు ఎందుకు సరిపోతాయో మొదటి పాఠంలో చూశాము. ఆ తరువాత అవే పాలు ఎందుకు చాలవో ముందుగా తెలుసుకుందాము. తల్లి కడుపులో ఉండగా బిడ్డ కూడబెట్టుకున్న ఇనుము నిల్వలు, నెలలు నిండి పుట్టిన బిడ్డలో సైతం, సుమారు ఆరు నెలల నాటికి తరిగిపోతాయి. తల్లిపాలలో ఇనుము స్వల్పంగానే ఉంటుంది. అందువల్లనే 6 నెలలు నిండగానే, అనగా 180 రోజులకు, ఇతర ఆహారం ఆరంభించి, తల్లిపాలను 2 సంవత్సరాలు, ఆపైన కూడా కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. 4 నెలలు నిండకముందు మాత్రం ఘనాహారం తగదు.

అయితే తేదీని మాత్రమే చూసి చెంచా పట్టుకోకూడదు. బిడ్డను ఒడిలో నిటారుగా కూర్చోబెట్టి, మెడ వాలకుండా నిలుస్తున్నదో లేదో గమనించండి. మెడ నిలవని బిడ్డకు గుటక వేయడం కష్టమై పొలమారే ప్రమాదం ఉంటుంది. ఎదురుగా ఉన్న వస్తువును చూసి, పట్టుకుని, నోటి దాకా తెచ్చుకోగలుగుతున్నదా అన్నది రెండవ గుర్తు. మూడవది కొంత సూక్ష్మమైనది. మెత్తగా మెదిపిన పదార్థాన్ని చెంచా కొనతో అందించినప్పుడు పసిబిడ్డ నాలుక దానిని తనంతట తానే బయటకు నెట్టివేస్తుంది. ఇది అయిష్టం కాదు. పాలు తప్ప మరేదీ గొంతులోకి పోకుండా అడ్డుకునే సహజ ప్రతిచర్య. సాధారణంగా 4–6 నెలల మధ్య ఇది సన్నగిల్లుతుంది; అలా సన్నగిల్లడమే మూడవ గుర్తు. పెట్టినదంతా గడ్డం మీదికి వచ్చేస్తుంటే కొన్ని రోజులు ఆగి మళ్ళీ ప్రయత్నించండి. రుచి నచ్చలేదేమోనని పదార్థాలు మార్చుకుంటూ పోవడం ఈ దశలో పెద్దలు తరచూ చేసే పొరపాటు.

రాత్రి పదేపదే లేవడం, పిడికిలి చప్పరించడం, పాలు మరిన్నిసార్లు కోరడం ఆ వయసులో సహజమే తప్ప, ఘనాహారానికి సిద్ధమైనట్లు గుర్తులు కావు. కడుపు నిండా పెడితే తెల్లవార్లూ నిద్రపోతుందన్న ఆశతో తొందరపడవద్దు (నిద్ర కరువైన తల్లిదండ్రులకు ఈ మాట రుచించదని తెలిసే చెబుతున్నాను). నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఎప్పుడు ఆరంభించాలో వైద్యులే నిర్ణయించాలి.

అభ్యాసం: వచ్చే పాఠం లోపల, బిడ్డ హుషారుగా ఉన్న వేళ చూసి, పై మూడు గుర్తులను వేర్వేరు రోజులలో కనీసం మూడుసార్లు పరిశీలించి తేదీతో సహా రాసుకోండి. మూడూ కలిసి కనబడితే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టవచ్చు. ఆహారం చెంచా నుండి కారిపోనంత చిక్కగా ఉండాలి. తేనె మాత్రం 12 నెలలు నిండే వరకు నాలుకకు రాయడానికైనా వాడవద్దు. దానిలో ఉండగల సూక్ష్మజీవి బీజాలు పసివారి పేగులలో బోట్యులిజం అనే ప్రమాదకర వ్యాధిని కలిగించగలవు. చిక్కదనాన్ని నెలనెలా ఎలా పెంచాలో 3వ పాఠంలో.