విడుదల కాని పాట మీ ఫోన్‌లోకి వస్తే ఏం చేయాలి?

పెద్ద హీరో సినిమా మొదటి పాటకు తేదీ ప్రకటిస్తే చాలు, ఏదో ఒక గ్రూపులో ‘లీక్డ్ సాంగ్ మామా, డిలీట్ చేసేలోపు వినేయ్’ అంటూ ఓ ఆడియో దిగుతుంది. 2022 ఫిబ్రవరిలో ‘సర్కారు వారి పాట’లోని ‘కళావతి’కి ఇలాగే జరిగింది. ప్రేమికుల రోజున, అంటే 14న రావాల్సిన పాట అంతకుముందే ఫోన్లలో తిరిగేసింది. నిర్మాతలు చేసేది లేక ఒక రోజు ముందుకు జరిపి 13నే విడుదల చేశారు. సంగీత దర్శకుడు తమన్ తన బాధను ఆడియోగా రికార్డు చేసి బయటపెట్టారు. పాట మాత్రం ఆ ఏడాదంతా ఊరూవాడా మోగింది.

‘హిట్టయింది కదా, ఇంకేం నష్టం?’ అనేవాళ్లకూ ఇదే ఉదాహరణ, ‘ఎంత అన్యాయమో చూశారా’ అనేవాళ్లకూ ఇదే ఉదాహరణ. నా మాట ముందే చెప్పేస్తాను. వినకపోతే మంచిది. విన్నా కొంపలేం మునగవు. ఇంకొకరికి పంపడం మాత్రం చేయకూడని పని. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే లీకుల మీద జరిగే వాదనలన్నీ తిట్ల దగ్గర ఆగిపోతున్నాయి.

1. అది లీకో కాదో తేల్చుకోండి

లీక్ అని పేరు పెట్టుకుని తిరిగేవన్నీ దొంగ సరుకు కావు. ఇరవై సెకన్ల ముక్కయితే అది అధికారిక ప్రోమోలోంచి కోసిందే కావచ్చు. ఒక్కోసారి సినిమా వాళ్లే కావాలని ఓ ముక్క వదిలి ‘అయ్యో లీకైంది’ అని హడావుడి చేస్తారు. ఆడియో కంపెనీ సొంత ఛానల్లోనే పొరపాటున ముందు వచ్చేస్తే అది వాళ్లు పెట్టిందే, నిశ్చింతగా వినొచ్చు.

ఇంగ్లిష్ ఆల్బమ్‌లు వినేవాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. 2015 జులై 10 ముందు వరకు కొత్త ఆల్బమ్ బ్రిటన్‌లో సోమవారం, అమెరికాలో మంగళవారం, జర్మనీ, ఆస్ట్రేలియాల్లో శుక్రవారం వచ్చేది. సిడ్నీలో దర్జాగా కొన్న పాట న్యూయార్క్ వాడికి లీక్ కింద లెక్క! ఆ గొడవ వదిలించుకోవడానికి కూడా ప్రపంచమంతా శుక్రవారానికి మారింది. ఇప్పటికీ స్థానిక అర్ధరాత్రికి వచ్చే ఆల్బమ్‌లు హైదరాబాద్‌లో వచ్చాక పది గంటలకు పైగా గడిస్తే గానీ డల్లస్‌లో ఉన్న మీ తమ్ముడికి అందవు. మీరు లింకు పంపితే అతనికి తెరుచుకోకపోవచ్చు. అంతమాత్రాన మీరు దొంగ కారు.

ఇప్పుడు కొత్తగా ఏఐ పాటలు తోడయ్యాయి. పేరున్న గాయకుడి గొంతును అనుకరించి, దానికో ట్యూన్ తగిలించి, రాబోయే సినిమా పేరు పెట్టి వదులుతున్నారు. గీత రచయిత పేరుగానీ ఆడియో కంపెనీ పేరుగానీ ఎక్కడా కనిపించని ఫైల్ మీద ఆశ పెట్టుకోకండి.

2. ఫైల్ ఏ రూపంలో వచ్చిందో చూడండి

పాట అని చెప్పి జిప్ ఫైల్ వచ్చిందా? ‘ఈ యాప్ వేసుకుంటే ఆల్బమ్ మొత్తం వస్తుంది’ అని ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను నేరుగా వేసే ఫైల్) పంపారా? నొక్కకండి. పాట వినడానికి ఏపీకే అక్కర్లేదు. ఆత్రంలో ఉన్న అభిమాని కంటే తేలిగ్గా దొరికే బకరా సైబర్ మోసగాడికి ఇంకెవరుంటారు? ఒకవేళ వేసేసుకుని, ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీ ప్రమేయం లేకుండా ఇలాంటివి ఫోన్లో చేరకుండా వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’కి వెళ్లి, ‘మీడియా ఆటో డౌన్‌లోడ్’ కింద ఆడియో, వీడియోల టిక్కులు తీసేయండి. వాయిస్ మెసేజ్‌లు మాత్రం ఈ సెట్టింగ్‌తో పనిలేకుండా దిగిపోతాయి. లీకు పాటలు ఆ రూపంలో తిరగడం కూడా మామూలే: ఒక ఫోన్‌లో పాట పెట్టి, పక్కన ఇంకో ఫోన్‌లో మైక్ నొక్కి పట్టుకుని రికార్డు చేస్తారు. వెనకాల ఫ్యాన్ చప్పుడు, ఎవరిదో దగ్గు, మధ్యలో ‘సౌండ్ పెంచరా’ అన్న మాట కూడా వినిపిస్తాయి.

3. మీరు వినబోయేది ఏ దశలో ఉన్న పాటో తెలుసుకోండి

నేను వినొద్దు అనడానికి అసలు కారణం ఇదే. నీతి సంగతి పక్కన పెట్టినా మీకే నష్టం.

మన సినిమా పాట పుట్టే తీరు చూడండి. చాలాసార్లు ముందు ట్యూన్ వస్తుంది. సంగీత దర్శకుడు తోచిన మాటలతో, ‘తననన’లతో పాడి పంపిస్తే దాని మీద రచయిత సాహిత్యం రాస్తారు. పల్లవికి నాలుగైదు వెర్షన్లు వెళ్తాయి, దర్శకుడు ఒకటి ఎంచుకుంటాడు. అసలు గాయకుడి డేట్లు దొరికేదాకా ట్రాక్ సింగర్ పాడిన రఫ్ ట్రాక్‌తోనే బండి నడుస్తుంది. అందులో నాదస్వరం ఉండాల్సిన చోట కీబోర్డులో వాయించిన ముక్క ఉంటుంది. డప్పులు కంప్యూటర్లోవి. వయొలిన్లు ఇంకా రికార్డు కాలేదు. ఈ రఫ్ ట్రాకే డ్యాన్స్ మాస్టర్ రిహార్సల్ హాలుకి, సెట్లో డ్యాన్సర్ల కోసం మోగించే స్పీకర్లకి, ఎడిటింగ్ రూముకి వెళ్తుంది. పాన్ ఇండియా సినిమా అయితే ఇంకో నాలుగు భాషల రచయితలకీ గాయకులకీ కూడా వెళ్తుంది. తర్వాత లైవ్ వాయిద్యాలు, అసలు గొంతు, మిక్సింగ్, మాస్టరింగ్. ఆ తర్వాత లిరికల్ వీడియో చేసే గ్రాఫిక్స్ ఆఫీసు, చివరికి ఆడియో కంపెనీ. ఇన్ని గడపలు తొక్కే ఫైల్‌ని దాచడం ఎంత కష్టమో ఊహించుకోండి. ముందు దశల్లో బయటపడితే చేతికొచ్చేది పాట అస్థిపంజరమే.

2023 సెప్టెంబరులో ‘గేమ్ ఛేంజర్’ సినిమాలోని ‘జరగండి’ ఇలాగే బయటికొచ్చింది. నిర్మాణ సంస్థ పోలీసులకు ఫిర్యాదు చేసింది, తర్వాత ఇద్దరు అరెస్టయ్యారు. అసలు పాట వచ్చింది 2024 మార్చి 27న, రామ్‌చరణ్ పుట్టినరోజుకి. మధ్యలో ఆరు నెలలు! అన్నాళ్లూ నాసిరకం రికార్డింగ్ చెవిలో నానిపోయినవాడు అసలు పాటను కొత్తగా ఎలా వినగలడు? ‘పాతదే బాగుంది’ అనో ‘ఇంతేనా’ అనో అంటాడు. తాలింపు పడని చారు గరిటెతో రుచి చూసి వంటకు మార్కులేసినట్టు.

ఇది మనకొక్కరికే వచ్చిన తిప్పలు కావు. రేడియోహెడ్ బ్యాండ్ ‘హెయిల్ టు ది థీఫ్’ ఆల్బమ్ 2003లో విడుదలకు రెండు నెలలకు పైగా ముందే, మిక్సింగ్ కూడా పూర్తికాని రూపంలో ఇంటర్నెట్‌కి ఎక్కింది. 2014 డిసెంబరులో మడోనా పాటల డెమోలు దొంగిలించి వదిలేస్తే, ఆమె ఆదరాబాదరాగా ఆరు పాటలు విడుదల చేసుకోవాల్సి వచ్చింది. మరుసటి నెలే ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ ఆల్బమ్ ‘వల్నికురా’ లీకైంది. మార్చిలో రావాల్సిన దాన్ని ఆమె జనవరి 20నే అమ్మకానికి పెట్టేసింది.

4. ‘లీకైతే పబ్లిసిటీయే కదా’ అనేవాళ్లకు జవాబు పెట్టుకోండి

గ్రూపులో ఈ మాట ఎవరో ఒకరు అంటారు. అబద్ధమేమీ కాదు. రేడియోహెడ్‌దే ‘కిడ్ ఎ’ ఆల్బమ్ 2000లో విడుదలకు ముందు, అప్పట్లో జనం పాటల ఫైళ్లు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్‌లో చక్కర్లు కొట్టింది. అయినా అమెరికాలో ఆ బ్యాండ్‌కి మొదటిసారి నంబర్ వన్ స్థానం దక్కింది దానితోనే. మన దగ్గర 2013లో ‘అత్తారింటికి దారేది’ మొదటి సగం సినిమాయే బయటికొచ్చేసింది. అక్టోబరు 9న అనుకున్న సినిమాని సెప్టెంబరు 27కి జరిపారు, జనం థియేటర్లకు పోటెత్తారు.

ఇవన్నీ పవన్ కల్యాణ్‌లాంటి వాళ్ల కథలు. నిలబడ్డవాళ్ల పేర్లే మనకు గుర్తుంటాయి. చిన్న సినిమాకు ఉన్నదంతా ఒక్క పాట. దాన్ని ఏ రోజు, ఏ హీరో చేత విడుదల చేయించాలి, ఏ కాలేజీలో ఫంక్షన్ పెట్టాలి అని లెక్కలేసుకుని ఉన్న కాస్త డబ్బూ దానిమీద పెడతారు. అది ముందే పోతే ఇంకో పాట ఉండదు, ఇంకో తేదీకి డబ్బుండదు. పైగా 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి పాటల రచయితకూ సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా ఖాయం చేశారు. వాట్సాప్‌లో తిరిగే ఫైల్ ఎన్నిసార్లు మోగినా ఆ లెక్కలోకి రాదు.

ఇక అభిమానుల వింత ఒకటి. 24 గంటల్లో ఎన్ని వ్యూస్ అని పోస్టర్లు వేసుకుని పక్క హీరో ఫ్యాన్స్‌తో కొట్లాడేదీ వీళ్లే, ఆ వ్యూస్‌కి ముందు రోజే గండి కొట్టేదీ వీళ్లే.

5. ఫార్వర్డ్ బటన్ దగ్గర ఆగండి

‘అత్తారింటికి దారేది’ డీవీడీ ఇంటర్నెట్‌లో పుట్టలేదు. సినిమా పనిలో ఉన్న మనిషి దగ్గర మొదలై, స్నేహితుల చేతులు మారుతూ మారుతూ కృష్ణా జిల్లా పెడనలోని మొబైల్ షాపు దాకా వెళ్లింది. ఆ గొలుసులో ప్రతివాడూ ‘మనవాడికి ఒక్కడికే కదా ఇచ్చాను’ అనుకునే ఉంటాడు. ఇప్పుడు ఆ ‘ఒక్కడు’ స్థానంలో రెండొందల మంది ఉన్న గ్రూపు ఉంది.

చట్టం చూపు కూడా కాపీ చేసి పంచేవాళ్ల మీదే. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. కంప్యూటర్లలోకి చొరబడి దొంగిలిస్తే ఐటీ చట్టం అదనం. బ్రిటన్‌లో ఒక కుర్రాడు ఎడ్ షీరన్ వంటి గాయకుల విడుదల కాని పాటలు హ్యాక్ చేసి, క్రిప్టో కరెన్సీకి అమ్ముకుని 1,31,000 పౌండ్లు సంపాదించాడు. 2022లో అతనికి 18 నెలల జైలు పడింది. ‘ఫ్యాన్స్ కోసం ఫ్రీగా పెట్టాను’ అన్న లింకు వెనక ఇలాంటి బేరం జరిగి ఉండవచ్చు.

పంపకపోతే సరిపోదు, ప్రచారమూ చేయకూడదు. ‘లీక్ అయిందట, ఎవరూ వినకండి ప్లీజ్’ అని లింకుతో సహా పోస్టు పెట్టే అమాయకులుంటారు. ఆ పోస్టు చూసేదాకా చాలామందికి లీకైన సంగతే తెలియదు. స్క్రీన్‌షాట్ వద్దు, హ్యాష్‌ట్యాగ్ వద్దు, సాహిత్యం టైప్ చేసి పెట్టడం అసలే వద్దు. మీరు గ్రూప్ అడ్మిన్ అయితే ఆ మెసేజ్‌ని అందరికీ కనిపించకుండా తీసేసే వీలు మీకుంది. తీసేసి, పంపినవాడికి విడిగా ఓ మాట చెప్పండి. గ్రూపులో అందరి ముందు కడిగేస్తే మొండికేసి ఇంకో గ్రూపులో పెడతాడు.

6. చెప్పాల్సిన చోట చెప్పండి

లింకు కాపీ చేసి నిర్మాణ సంస్థకో ఆడియో కంపెనీకో నేరుగా మెసేజ్ చేయండి, బహిరంగంగా ట్యాగ్ చేయకండి. యూట్యూబ్‌లో కాపీరైట్ ఫిర్యాదు హక్కుదారులే చేయాలి కాబట్టి మీ వంతు వాళ్లకు తెలియజేయడమే. తెలుగు ఫిల్మ్ ఛాంబర్‌లో పైరసీని చూసేందుకు ప్రత్యేక విభాగం ఉంది. అంతే. దొంగను మనమే పట్టుకుందామని ఎవరి ప్రొఫైలో బయటపెట్టి వేటాడే పని పెట్టుకోకండి.

7. వినేశారా? అయితే

ఫైల్ తీసేయండి. విన్నది విన్నట్టు సమీక్ష రాయకండి, ‘ట్యూన్ ఫలానా దాని కాపీ’ అని తీర్పులివ్వకండి. అది రఫ్ ట్రాకో కాదో మీకు తెలియదు. పాట విడుదలయ్యాక మాత్రం ఫోన్ స్పీకర్లో కాకుండా మంచి హెడ్‌ఫోన్‌తోనో కారులోనో, అధికారిక ఛానల్లో మొదటినుంచి చివరిదాకా వినండి. బేస్ ఎక్కడ మొదలైంది, రెండో చరణంలో కోరస్ ఎటువైపు నుంచి వస్తోంది, వాట్సాప్‌లో వినపడని వేణువు ఎక్కడ దాక్కుంది గమనించండి. నచ్చకపోతే అప్పుడు తిట్టుకోవచ్చు, ఆ హక్కు మీకుంది.

8. స్టూడియోలో మనవాళ్లుంటే

ఇది అందరికీ వర్తించదు గానీ, హైదరాబాద్‌లో ప్రతి రెండో కుటుంబంలో ‘మా బావ సినిమాల్లో చేస్తాడు’ అనేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నాను. ఎడిటింగ్‌లోనో గ్రాఫిక్స్‌లోనో పనిచేసే బావను ‘ఒక్కసారి వినిపించు బావా, ఎవరికీ చెప్పను’ అని సతాయించకండి. ఎవరికి ఇచ్చిన కాపీ ఏదో తెలిసేలా ఫైల్‌లో గుర్తులు పెట్టే పద్ధతి ఉంది. బయటికొస్తే ముందు పోయేది అతని ఉద్యోగం, ఆ తర్వాత ఇంకెవరూ పని ఇవ్వరు. అంతగా ఉండబట్టలేకపోతే పాట ఎలా ఉందని అడగండి. ‘అదిరిపోయింది’ అంటాడు. వాళ్లెప్పుడూ అంతే అంటారు.