వయసు మీదపడిన సూపర్‌హీరో సినిమాకు కామిక్స్ కథను ఎంచుకోవడం ఎలా?

దశాబ్దాలుగా కామిక్స్‌లో కొనసాగుతున్న సూపర్‌హీరోకు కథల కరువు ఉండదు. 1974లో హల్క్ కామిక్స్‌లో తొలిసారి కనిపించిన, లోగన్ అనే మరో పేరూ పిడికిళ్లలోంచి పొడుచుకొచ్చే గోళ్లూ ఉన్న వుల్వరీన్‌నే తీసుకుంటే, అతని కథలన్నీ చదవడానికే ఏళ్లు పడుతుంది. అందులోంచి సినిమాకు ఒక్క కథను ఏరవలసి వచ్చినప్పుడు, అభిమానులు ఎక్కువగా తలచుకునే కథ దగ్గరికే రచయిత ముందు వెళతాడు. అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది: హీరో తెరమీద ఇప్పటికే ఏమేమి అనుభవించాడో, అతనిలో ప్రేక్షకులు ఇంకా చూడనిది ఏమిటో కాగితం మీద పెట్టుకోవాలి.

హ్యూ జాక్‌మన్ 2000లో మొదటిసారి ఆ పాత్ర ధరించాడు. తరవాతి సినిమాల్లో అతని మతిమరుపునూ, ఎముకలకు లోహం తొడిగిన ప్రయోగాన్నీ, క్షణాల్లో మానిపోయే గాయాలనూ ప్రేక్షకులు చూసేశారు. చూడనిది వయసు మీదపడి ఆ శరీరం ఓడిపోవడం. 2017లో వచ్చిన 'లోగన్'కు మార్క్ మిల్లర్ రాయగా స్టీవ్ మెక్‌నివెన్ బొమ్మలు గీసిన 'ఓల్డ్ మాన్ లోగన్' ప్రేరణ కావడానికి అదే తగిన కారణమని నేననుకుంటాను.

అయితే 2008, 2009 సంవత్సరాల్లో వెలువడిన ఆ కథను ఉన్నదున్నట్టు తీయడం ఆ సినిమా తీసిన ఫాక్స్ స్టూడియోకు సాధ్యం కాలేదు. అందులో కాలిఫోర్నియాను పీడించేది హల్క్ సంతానం, లోగన్‌తో కలిసి దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రయాణించేది చూపు పోయిన విలుకాడు హాకై, రాజ్యమేలేది ప్రతినాయకుడు రెడ్ స్కల్. ఆ పాత్రల సినిమా హక్కులు అప్పట్లో ఫాక్స్ దగ్గర లేవు. ఇక్కడే కథను పరీక్షించాలి. మీ హీరో పేరు తప్ప మరే సూపర్‌హీరో పేరూ రానివ్వకుండా కథను ఐదు వాక్యాల్లో రాసి చూడండి. తన చేతులతోనే తనవాళ్లను చంపుకొని, ఇక పోరాడనని ఒట్టు పెట్టుకున్న ఒక ముసలివాడు, డబ్బు అవసరమై సుదూర ప్రయాణానికి ఒప్పుకొని, చివరికి ఆ ఒట్టు తీసి గట్టున పెడతాడు. ఇంత తీసేసినా కథ నిలబడింది కనుక ఖాళీ అయిన చోట్లను వేరేవాళ్లతో నింపవచ్చు. సినిమాలో హాకై స్థానంలో, లోగన్ ఉన్న సూపర్‌హీరోల బృందం ఎక్స్-మెన్‌కు గురువైన ప్రొఫెసర్ ఎక్స్ కూర్చున్నాడు, తోటివారి చావుకు కారణమైన పాపం కూడా లోగన్ మీద నుంచి ఆయన మీదికి మారింది. 2003లో యానిమేషన్ సీరియల్‌లో పుట్టి ఆ తరవాత కామిక్స్‌లోకి వచ్చిన, లోగన్ జన్యువులతో తయారైన అమ్మాయి లారా వాళ్లతో చేరింది.

అనుసరణలో సంఘటనలకంటే వాటి వెనకున్న భావాన్ని పట్టుకోవడం ముఖ్యం. కామిక్స్‌లో లోగన్ దాదాపు కథంతా గోళ్లు బయటికి తీయడు. కుటుంబం హతమైందని తెలిశాకే ఆ గోళ్ల చప్పుడు పేజీ మీద కనబడుతుంది. సినిమాలో అతను గోళ్లు తీస్తూనే ఉంటాడు, కానీ ఒక గోరు సగంలో ఇరుక్కుపోతే చేత్తో పట్టి లాగవలసి వస్తుంది. రెండు చోట్లా చదివేవాడికి, చూసేవాడికి కలిగే ఇబ్బంది ఒకటే.

పాత పరిచయం మీదనే ఆధారపడే కథల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 1980 నాటి 'డార్క్ ఫీనిక్స్' కథలో ఎక్స్-మెన్ బృందంలోని జీన్ గ్రే చావు అంతగా బాధించిందంటే, 1963 నుంచి పాఠకులు ఆమెను ఎరిగి ఉండటమే దానికి కారణం. ఆ కథతో తీసిన 2019 సినిమాలోని యువ జీన్‌ను ప్రేక్షకులు అంతకు ముందు చూసింది ఒకే ఒక్క సినిమాలో. పరిచయం లేనిచోట ఎంత గొప్ప కథయినా పేలవంగానే తోస్తుంది.

కథ పరిమాణమూ, ముగింపూ కూడా ఎంపికలో భాగమే. క్రిస్ క్లేర్‌మాంట్, ఫ్రాంక్ మిల్లర్ 1982లో వెలువరించిన వుల్వరీన్ జపాన్ కథ నాలుగే సంచికలు. ప్రియురాలు మరికో కళ్లెదుట ఆమె తండ్రి షింగెన్ చేతిలో చెక్క కత్తుల పోరులో లోగన్ పరువు పోగొట్టుకోవడం, చివర అదే షింగెన్‌తో, అతని నిజమైన కత్తికి ఎదురుగా గోళ్లతో తలపడటం దాని బలం. దాని ఆధారంగా వచ్చిన 2013 నాటి 'ది వుల్వరీన్' సినిమా ఆ వాతావరణాన్ని చాలావరకు నిలుపుకొని, ఆఖరి ఘట్టంలో మాత్రం భారీ లోహ కవచంతో యుద్ధానికి దిగింది. ఇద్దరు మనుషుల మధ్య తేలవలసిన కథకు నిర్మాత భారీ ముగింపు కోరితే, ఆ ముగింపును అతికించే బదులు వేరే కథ వెతుక్కోవడం మేలు.

చివరిగా, ఏ వయసువారి కోసం తీస్తున్నామో స్క్రీన్‌ప్లే మొదలుపెట్టక ముందే స్టూడియోతో తేల్చుకోవాలి. అమెరికాలో పదిహేడేళ్ల లోపువారు పెద్దల తోడు లేకుండా చూడరాని 'ఆర్' రేటింగ్‌కు ఒప్పుకున్నారు కనుకనే 'లోగన్'లో ఆ గోళ్లకు నెత్తురంటింది. ఆ తరవాత దాని స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్ కూడా పొందింది.