ఆరడుగుల అక్వేరియానికి మూత: అద్దమా, జాలీనా?

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టి అంచుదాకా నిండితే దాదాపు 680 లీటర్లు. చిన్న తొట్లకు షాపువాళ్లు మూత కలిపే ఇస్తారు గానీ, ఈ సైజుకి మనమే చేయించుకోవాలి. చాలామంది అద్దాల షాపుకి వెళ్లి, కొలత చెప్పి, ఒక పలక కోయించుకుని వచ్చేస్తారు. ఆ పలకను ఒక్కరు ఎత్తలేరు, పైపులకి దారి ఉండదు, ఏప్రిల్ రాగానే కింద నీళ్లు కాగుతాయి. అందుకే మందం, ధర అడిగే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: లోపల ఏ చేపలున్నాయి, ఎండాకాలంలో ఆ గది ఎంత వేడెక్కుతుంది.

అరోవానా, ఆస్కార్, కొర్రమీను జాతులు, రెయిన్‌బోలు, డేనియోలు, హ్యాచెట్‌ఫిష్ దూకే రకాలు. బొమ్మిడాయి, బిచిర్, రోప్‌ఫిష్ దూకవు, పైపుల వెంబడి పాకి సందులోంచి జారుకుంటాయి. తల పట్టిన సందులోంచి ఒళ్లంతా వచ్చేస్తుంది. వీటికి మూత ఎంత బరువున్నా లాభం లేదు, వెనక వైపు సందులు మూయడమే అసలు పని. అరోవానాకి మాత్రం బరువే ముఖ్యం: పెరిగిన చేప కింద నుంచి కొడితే మూడు కిలోల అద్దం కూడా పక్కకి జరుగుతుంది. దానికి మూత మీద గడియ లాంటిది ఉండాలి, నీటిమట్టం అంచుకి 8–10 సెంటీమీటర్లు కింద ఉంచాలి. కొర్రమీను, గౌరామి పైకి వచ్చి గాలి పీల్చుకునే చేపలు కాబట్టి వాటికీ నీటికి, మూతకి మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. చేపలు బయటికి ఎక్కువగా దూకేది కొత్త చేప వచ్చిన మొదటి వారంలో, చీకట్లో ఉన్నట్టుండి లైటు వేసినప్పుడు, నీళ్లలో అమ్మోనియా పెరిగినప్పుడు. గోల్డ్‌ఫిష్ ఒక్కటే ఉంటే ఇంత హడావిడి అక్కర్లేదు. బల్లులు, బొద్దింకలు పడకుండా జాలీ చాలు.

ఇక వేడి సంగతి. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి పడుతుంది. 680 లీటర్ల తొట్టి ఒక డిగ్రీ చల్లబడాలంటే పోవాల్సిన వేడి సుమారు 2,850 కిలోజౌళ్లు. లెక్క ప్రకారం లీటరుంబావు నీరు ఆవిరైతే చాలు, ఒక డిగ్రీ తగ్గినట్టే. గది వేడి మళ్లీ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజంగా తగ్గేది ఇంతకంటే తక్కువ. అయినా ఎండాకాలంలో ఏసీ లేని గదిలో తొట్టిని కాపాడేది ఈ ఆవిరే. అద్దంతో పూర్తిగా మూస్తే దాన్ని మనమే ఆపినట్టు. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువూ తక్కువే పడుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.3 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 32 దగ్గర 7.3 మాత్రమే. హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఎండల ఊళ్లలో జాలీ వేసి, నీటి మీదుగా చిన్న ఫ్యాను పెడితే తేడా బాగా తెలుస్తుంది. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఎక్కువ, అక్కడ ఆవిరి నెమ్మది, ఫలితమూ తక్కువే.

దీనికి ఇంకో వైపూ ఉంది. ఈ తొట్టిలో నీరు ఒక సెంటీమీటరు తగ్గితే 11 లీటర్లు పోయినట్టు. ఆవిరయ్యేది నీరే, లవణాలు లోపలే మిగులుతాయి. 600 టీడీఎస్ (లీటరుకి 600 మిల్లీగ్రాముల కరిగిన లవణాలు) ఉన్న బోరు నీటితో 68 లీటర్లు నింపితే 40 గ్రాముల లవణాలు అదనంగా కలిసినట్టే. అందుకే ఆవిరైన మేరకు ఆర్ఓ నీళ్లు పోయాలి. బోరు నీళ్లు తొట్టి నీరు మార్చేటప్పుడు వాడుకోవచ్చు.

ఈ రెండూ కలిపి చూస్తే మన ఎండలకి కుదిరేది రెండు రకాల మూతలు: ఒకే కొలతతో అద్దపు పలకలు ఒక సెట్టు, జాలీ ఫ్రేములు ఒక సెట్టు. చలికాలం హీటరు నడిచే రోజుల్లో అద్దం, మార్చి నుంచి జాలీ. రెండింటికీ డబ్బు పెట్టలేకపోతే జాలీ మాత్రమే చేయించండి.

అద్దం కొలిచే, కోయించే పద్ధతి

తొట్టి లోపలి కొలతను రెండు చివర్లా, మధ్యలోనూ తీసుకోండి. పెద్ద తొట్లు చూడటానికి ఎంత తిన్నగా ఉన్నా మూడు చోట్లా ఒకే కొలత రావడం అరుదు. తక్కువ వచ్చిన కొలతలోంచి పొడవుకి, వెడల్పుకి 3 ఎంఎం చొప్పున తీసేయండి. బరువు లెక్క తేలిక: చదరపు మీటరుకి, ఒక్కో ఎంఎం మందానికి 2.5 కిలోలు. తొట్టి మొత్తానికి 5 ఎంఎం పలక ఒక్కటే వేస్తే 13 కిలోలకి పైమాటే, తడి చేతులతో అది ఎత్తడం ప్రమాదం. మూడు ముక్కలు చేయించండి. ఒక్కోటి నాలుగున్నర కిలోల లోపు వస్తుంది, మేత వేయడానికి ఒక ముక్క ఎత్తితే సరిపోతుంది. తొట్టి పైన అడ్డపట్టీలు ఉంటే ముక్కల మధ్య అతుకు సరిగ్గా వాటి మీదకి వచ్చేలా కొలవాలి. పట్టీలు లేకపోతే ముక్కలు ముందు, వెనక అద్దాలకి తగిలించిన క్లిప్పుల మీద కూర్చోవాలి. క్లిప్పు కొనేటప్పుడు తొట్టి అద్దం మందం చెప్పండి. 10 ఎంఎం అద్దానికి 12 ఎంఎం క్లిప్పు వేస్తే లూజుగా ఉండి, మూత ఒకవైపు ఒరుగుతుంది.

మామూలు అద్దం విరిగితే పదునైన పెంకులు చేపల మీదే పడతాయి కాబట్టి, వీలైతే వేడితో గట్టిపరిచిన టఫెన్డ్ అద్దం 5 ఎంఎం తీసుకోండి. ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయడం, రంధ్రం వేయడం కుదరదు. ప్రయత్నిస్తే పలక మొత్తం పొడి పొడి అవుతుంది. కాబట్టి వేలు పట్టే 30 ఎంఎం రంధ్రం, పైపుల కోసం వెనక మూలల్లో కోత, అంచుల పాలిష్ అన్నీ ఆర్డరు ఇచ్చేటప్పుడే కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వాలి. పైపుల వైపు కోత 8 సెంటీమీటర్లు చాలు. ఫిల్టరు మారిస్తే కోత చోటు కూడా మారాల్సి వస్తుంది, అందుకే వెనక 10 సెంటీమీటర్లు అద్దం వేయకుండా వదిలేసి అక్కడ కత్తెరతో కోయగలిగే పీవీసీ పట్టీ వేయడం తెలివైన పని. మిగిలిన సందుల్లో ఫిల్టరు స్పాంజి ముక్కలు కుక్కండి.

మూత అంచు మీద కాకుండా, అంచుకి కాస్త కిందగా లోపల కూర్చోవాలి. పైన కూర్చుంటే అడుగున పట్టిన తేమ అంచు దాకా పాకి, తొట్టి బయటి వైపు జారి, స్టాండు చెక్కని ఉబ్బిస్తుంది. లోపల కూర్చోబెట్టే వీలు లేకపోతే, మూత అడుగున అంచుకి రెండు సెంటీమీటర్లు లోపలగా సన్నని సిలికాన్ గీత గీయండి. నీటి బొట్టు ఆ గీత దగ్గరే ఆగి తొట్టిలోకి రాలుతుంది. సిలికాన్ అక్వేరియం రకమే కావాలి. బాత్‌రూముల కోసం అమ్మే, బూజు పట్టని మందు కలిపిన రకం వద్దు. పులుపు వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు రోజులు, మూతని ఎండనివ్వండి.

అక్రిలిక్ అనే ప్లాస్టిక్ పలక అద్దంలో సగం బరువే ఉంటుంది, తేలిగ్గా పగలదు, అందుకే షాపువాళ్లు ముందు అదే చూపిస్తారు. ఈ సైజుకి పనికిరాదు. అడుగు వైపు తేమ పీల్చుకుని సాగుతుంది, పై వైపు పొడిగా ఉంటుంది. కొన్ని వారాల్లో మధ్యలో దిగి మూలలు లేస్తాయి. వారానికోసారి తిరగేస్తే కొంత నయం. బరువు తక్కువ ఉండాలంటే గొట్టాల లోపలి ఖాళీలున్న పాలీకార్బొనేట్ షీటు, 6 నుంచి 10 ఎంఎం, మేలు. కత్తితో కోసుకోవచ్చు. కోసిన చివర్లు పారదర్శక టేపుతో మూయకపోతే గొట్టాల్లోకి తేమ చేరి నాచు పడుతుంది, అది మళ్లీ బయటికి రాదు. వెలుతురు కాస్త తగ్గుతుంది కాబట్టి మొక్కల తొట్టికి నేను సిఫారసు చేయను.

జాలీ ఫ్రేము

కిటికీలకి దోమల జాలీ వేసేవాళ్ల దగ్గరే ఈ పని అవుతుంది. అల్యూమినియం ఫ్రేము, గాడిలో జాలీని నొక్కి పట్టే రబ్బరు తాడు వాళ్ల దగ్గర ఉంటాయి. జాలీ మాత్రం మీరే ఎంచుకోవాలి. నల్లటి దోమల జాలీ వెలుతురు బాగా ఆపేస్తుంది, దుమ్ము, నీటి తుంపర్లలోని లవణాలు పట్టి మూసుకుపోతుంది. పారదర్శకంగా ఉండే 6 ఎంఎం కళ్ల నైలాన్ వల తీసుకోండి. చిన్న రాస్బోరాల లాంటివి ఉంటే 3 ఎంఎం. జింకు పూత వేసిన ఇనుప (జీఐ) జాలీ వద్దే వద్దు: పైన కట్టిన తేమ దాని జింకుని కరిగించి తొట్టిలోకే రాలుస్తుంది. ఇత్తడి బందులు, స్క్రూలు కూడా అంతే, ఇత్తడిలోని రాగి తొట్టిలో పెంచే రొయ్యలకి విషం. వల బిగించేటప్పుడు డప్పులా లాగితే ఫ్రేము పొడవు వైపు మధ్యలో లోపలికి వంగి, అక్కడ వేలు పట్టే సందు వస్తుంది. అందుకే జాలీని కూడా రెండడుగుల ముక్కలుగానే చేయించాలి. సముద్రపు చేపలు, పగడాల తొట్టికి ఏ కాలంలోనైనా జాలీనే వాడాలి.

లైటు సంగతి రెండు ముక్కల్లో. అద్దం మీద నేరుగా పెట్టకండి, కనీసం 5 సెంటీమీటర్లు పైన ఉంచండి. నీళ్లు, దుమ్ము తట్టుకునే రేటింగు ఐపీ65 కంటే తక్కువున్న రకం తీసుకోవద్దు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉన్న లైను నుంచే కరెంటు ఇవ్వండి. వైరు ప్లగ్గు కంటే కిందికి వంగి, మళ్లీ పైకి వెళ్లాలి, దాని వెంట కారే నీరు ఆ వంపు దగ్గర రాలిపోతుంది.

అద్దపు మూతతో ఒక చిక్కు కరెంటు పోయినప్పుడు వస్తుంది. ఫిల్టరు ఆగి నీటి మీద కదలిక లేకపోతే, మూత కింద గాలి మారదు. గంటకి మించి కరెంటు పోయే ఊళ్లలో ఒక ముక్క తీసి ఆ చోట జాలీ పెట్టండి, బ్యాటరీ ఎయిర్‌పంపు సిద్ధంగా ఉంచుకోండి. దోమల మందు ఆవిరి యంత్రాలని కూడా మూత ఆపుతుందనుకోవద్దు. ఎయిర్‌పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది, ఆ మందుల్లోని పైరెత్రాయిడ్లు చేపలకి చాలా విషం. అక్వేరియం ఉన్న గదిలో అవి వాడకపోవడమే మంచిది.

అద్దానికి తెల్లటి చార పట్టిన చోట సగం నీళ్లు కలిపిన వెనిగరు రాసి పది నిమిషాలు ఉంచి తుడవాలి. మూతని తొట్టి మీదనుంచి తీసి, బయట పెట్టి చేయాల్సిన పని ఇది. బ్లేడుతో గీకితే పడే గీతల్లో సున్నం మరింత త్వరగా పేరుకుంటుంది.