అమెరికాలో కొత్తింటికి బంతి కాదు, ముందు కోన్‌ఫ్లవర్ వేయండి

సంక్రాంతికి గుంటూరు వచ్చి బ్రాడీపేటలో అమ్మావాళ్ళ డాబా మీద కూర్చుని ఇది టైప్ చేస్తున్నా. మా వీధి పిల్లలే ఇద్దరు ఈ ఏడు అమెరికాలో కొత్తింట్లో దిగుతున్నారు, ఇద్దరూ అడిగింది ఒకటే, "అక్కా, ఇంటి ముందు ఏ పూలేస్తే బతుకుతాయి" అని. సూట్‌కేస్‌లో బంతి గింజలు, ఓ కవరు కరివేపాకు కూడా రెడీ చేసుకున్నారు. వద్దమ్మా. నిమ్మ, నారింజ చెట్లకి తెగులు పాకుతుందని తాజా కరివేపాకు ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు, గింజలకీ కాగితాలు కావాలి. ఆ నేలలోనే పుట్టిన పువ్వు వేసుకోండి, హాయి.

అలాంటిదే కోన్‌ఫ్లవర్. ఇది కూడా మన బంతి, చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబమే. గులాబీ ఊదా రేకులు కిందికి వాలిపోయి మధ్యలో నారింజ రంగు బుడిపె ముళ్ళముళ్ళుగా ఉంటుంది. జలుబు టీ ప్యాకెట్ల మీద ఎకినేషియా అని రాసుంటుందే, అదే ఇది (ఆ టీ పనిచేస్తుందా అంటే ఒక పరిశోధన అవునంటుంది ఇంకోటి కాదంటుంది, నాకైతే మిరియాల కషాయమే దిక్కు).

మొదట మీ జోన్ చూసుకోండి. చలికాలంలో మీ ఊళ్ళో చలి సగటున ఎంత కిందికి దిగుతుందో దాన్నిబట్టి అక్కడి వ్యవసాయ శాఖ దేశాన్ని నంబర్ల జోన్లుగా విడదీసి మ్యాప్ వేసింది, 2023లో కొత్తది వచ్చింది, పిన్‌కోడ్ కొడితే చెప్తుంది. ఈ మొక్క జోన్ 3 నుంచి 8 దాకా ధీమాగా బతుకుతుంది. మేముండేది చికాగో పక్కన, మాకు మే నెల సగం దాటాకే నాటడం, అంతకుముందు నాటితే మంచు కొట్టేస్తుంది. డల్లాస్ వాళ్ళయితే చలికాలం ముందే నాటేయండి, వేర్లు కుదురుకుంటాయి. గింజ వేస్తే మొదటి ఏడు చాలావరకు ఆకులే, పువ్వు మరుసటి ఏడే, అంత ఓపిక లేకపోతే నర్సరీలో కుండీ మొక్కే కొనండి. రేకుల మీద రేకులుండే ముద్దపూల రకాలు ఫొటోకి బావుంటాయి కానీ తేనెటీగలకి వాటిలో పెద్దగా ఏమీ దొరకదు, మామూలు ఊదా రకమే (ఎకినేషియా పర్పురియా) మేలు.

గునపం పట్టేముందు 811కి ఫోన్ చేయండి, ఫ్రీ, భూమిలో గ్యాస్ పైపులు కరెంటు వైర్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెట్టి వెళ్తారు.

అసలు తంటా మట్టితో. కొత్త కాలనీల్లో పైమట్టి గీకేసి బంకమట్టి వదిలేస్తారు, అచ్చం మన నల్లరేగడే, తడిస్తే జిగురు ఎండితే రాయి. ఈ మొక్కని చలి చంపదు, చలికాలంలో మొక్క మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే కుళ్ళి చస్తుంది. అందుకే కంపోస్ట్ కలిపి నేల కాస్త ఎత్తు చేసి, మొక్కకీ మొక్కకీ అడుగున్నర, రెండడుగులు వదిలి నాటండి. ఎండ రోజుకి ఆరు గంటలు పడాలి. మొదటి వేసవంతా వారం వారం బాగా తడపండి, కుదురుకున్నాక పెద్దగా అడగదు. ఎరువు మాత్రం గుప్పిళ్ళతో పోయకండి, ఏపుగా పెరిగి పక్కకి పడిపోతుంది.

మార్చిలో చూస్తే చచ్చిందనిపిస్తుంది, పీకకండి. మా అమ్మ మొదటిసారి ఏప్రిల్‌లో వచ్చినప్పుడు, నేను ఆఫీసుకెళ్ళొచ్చేసరికి, "చెత్తంతా పీకేశానే" అని సంబరంగా చూపించింది, గరుకాకులు అప్పుడే లేస్తున్నాయి పాపం, ఏడింటిలో రెండు మిగిలాయి. అప్పట్నుంచి పక్కన పుల్లలు గుచ్చి పెడుతున్నా. అమ్మ కాకపోతే కుందేళ్ళు, లేత చిగుళ్ళు వదలవు, మొదటి ఏడాది చుట్టూ వల కట్టాల్సిందే.

ఒక్క తెగులు మాత్రం గుర్తుపెట్టుకోండి. పువ్వు ఆకుపచ్చగా తిరిగి, బుడిపెలోంచి ఆకుల్లాంటివి పిలకలేస్తుంటే అది ఆస్టర్ ఎల్లోస్. ఫొటో పంపితే చేబ్రోలు వైపు నువ్వులేసే మా మామయ్య ఫోన్‌లోనే నవ్వి, "ఇది మా వెర్రి తెగులేరా" అన్నాడు. నిజమే, ఆ జాతి సూక్ష్మజీవే, పాకించేది కూడా ఆకు రసం పీల్చే దీపపు పురుగులే. మందు లేదు, వేళ్ళతో సహా పీకి చెత్తబుట్టలో పడేయడమే, కంపోస్ట్‌లో వేయకండి.

శీతాకాలం ముందు ఎండిన బుడిపెలు కోసేయమని ఎవరో ఒకరు అంటారు, కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఉత్తరం కూడా పంపుతారేమో, వాళ్ళ రూల్స్ ముందే చదువుకుని వీలైతే ఉంచేయండి, మార్చి చివర్లో కోసుకోవచ్చు. మంచు పడ్డాక గోల్డ్‌ఫించ్‌లని చిన్న పిట్టలు వచ్చి ఆ బుడిపెల మీద వాలి గింజలు పొడుచుకు తింటాయి. నేను వీడియో చూపిస్తే అమ్మ, "ఓస్, పిచ్చుకలకి మనం వరికంకులు కట్టినట్టేగా" అని, ఈసారి వచ్చినప్పుడు ఒక్కటీ పీకనని ఒప్పుకుంది.