కిడ్నీ జబ్బులో రక్తనాళాలకి సున్నం పట్టకుండా: బైండర్ మాత్ర నుంచి కాలి బీపీ దాకా

కిడ్నీలు ఫాస్ఫరస్‌ను బయటికి పంపలేనప్పుడు అది రక్తంలో పెరుగుతుంది. ధమని గోడలోని కండర కణాలు ఎముక కణాల తీరుకి మారి సున్నాన్ని పేర్చుకుంటాయి. నాళం సాగదు. పై బీపీ పెరుగుతుంది, కింది బీపీ పడిపోతుంది, గుండె గోడ మందమవుతుంది.

దీన్ని అడ్డుకునేవి ఒంట్లోనే ఉన్నాయి. లివర్ తయారుచేసే ఫెటూయిన్-ఎ, విటమిన్ కె అందితేనే పనిచేసే మాట్రిక్స్ గ్లా ప్రొటీన్, పైరోఫాస్ఫేట్. కిడ్నీ జబ్బు ముదిరేకొద్దీ వీటి బలం తగ్గుతుంది. విటమిన్ కె2 ఇస్తే ఆ ప్రొటీన్ చురుకవుతుంది గానీ, డయాలసిస్ రోగుల్లో సున్నం పేరుకోవడం నెమ్మదించినట్టు ట్రయల్స్‌లో స్పష్టంగా తేలలేదు. కె2 క్యాప్సూళ్లకి పెట్టే డబ్బు బైండర్‌కి, అంటే తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకునే మాత్రకి పెట్టండి. మెగ్నీషియం మాత్రలైతే సొంతంగా అసలే వద్దు, కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు.

ఎక్కువమంది పొరపడేది బైండర్ దగ్గరే. సెవెలమర్ అనే బైండర్ తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టుకుంటుంది. తిన్న గంటకి వేసుకుంటే పట్టుకోవడానికి అక్కడ మిగిలేది కొంచెమే. రెండు ముద్దలు తిన్నాక, భోజనం మధ్యలో వేసుకోండి. నమలకుండా మింగాలి, తడి తగిలితే ఉబ్బుతుంది. లాంథనమ్ అనే ఇంకో బైండర్ అయితే నమిలే మింగాలి. చీటీ మీద 1-1-1 అని ఉన్నా, మీరు పొద్దున రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని మధ్యాహ్నం పప్పు, పెరుగు, చేపతో తింటున్నారని డాక్టర్‌కి చెప్పండి. అవే మూడు మాత్రల్ని మధ్యాహ్నం 2, రాత్రి 1గా మార్చవచ్చేమో అడగండి. సాయంత్రం పనీర్ పఫ్ తింటే దానికీ మాత్ర కావాలి, కాబట్టి జేబులో ఒక స్ట్రిప్ ఉండాలి. థైరాయిడ్ మాత్రకీ దీనికీ కనీసం 4 గంటల ఎడం ఉంచండి. మలబద్ధకం వస్తే ఓర్చుకోకండి, దానివల్ల పొటాషియం కూడా పెరుగుతుంది.

కాల్షియం కార్బొనేట్ కూడా బైండరే, చవక కూడా. కానీ పరగడుపున వేసుకుంటే ఫాస్ఫరస్‌ను పట్టదు, కాల్షియం నేరుగా రక్తంలోకి పోతుంది. అట్ట మీద 1250 మి.గ్రా. అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. రోజుకి మూడు వేసుకుంటే 1500. డయాలసిస్‌కి ముందు దశల్లో తిండి, మాత్రలు కలిపి 800 నుంచి 1000 మి.గ్రా. చాలు. బెంగళూరు వచ్చాక షుగర్‌కి మంచిదని రెండు పూటలా రాగి ముద్ద అలవాటు చేసుకున్న మనవాళ్లు ఇది లెక్కేసుకోవాలి: 100 గ్రా. రాగుల్లో సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ఇంకా ప్రమాదం. అది కాల్షియంతో పాటు ఫాస్ఫరస్‌నీ రక్తంలోకి లాగుతుంది.

తిండిలో పప్పు మానేయకండి. పప్పులోని ఫాస్ఫరస్ మన పేగు సరిగా విడదీయలేని ఫైటేట్ రూపంలో ఉండటం వల్ల సగం కూడా ఒంటికి పట్టదు. ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం పడుతుంది. అట్ట వెనక కలిపిన పదార్థాల కోడ్‌లలో (ఐఎన్‌ఎస్) 338 నుంచి 341, 450 నుంచి 452 అంకెలు చూడండి. కోలాలో 338, చీజ్ ముక్కల్లో, సాసేజ్‌లలో మిగతావి తరచుగా కనిపిస్తాయి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రా. ప్రొటీన్ కావాలి. గుడ్డు తెల్లసొనలో 3.6 గ్రా. ప్రొటీన్ ఉంటే ఫాస్ఫరస్ 5 మి.గ్రా. మాత్రమే, పచ్చసొనలో 65 దాకా ఉంటుంది.

రక్తం శాంపిల్ డయాలసిస్ మొదలయ్యే ముందే తీయించండి. అయ్యాక తీస్తే ఫాస్ఫరస్ తక్కువ చూపి మోసం చేస్తుంది. ఫాస్ఫరస్, కాల్షియం 1 నుంచి 3 నెలలకోసారి, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) 3 నుంచి 6 నెలలకోసారి చూడాలి. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 4 కన్నా తక్కువుంటే, తగ్గిన ప్రతి 1కీ కాల్షియంకి 0.8 కలిపి చదవాలి. ఒక్క రిపోర్టుతో మందు మార్చమని పట్టుబట్టకండి, మూడు నాలుగు పక్కపక్కన పెట్టి చూపించండి. సున్నం ఇప్పటికే పట్టిందో లేదో తెలియాలంటే నడుము పక్కవైపు ఎక్స్‌రే, ఎకో చాలు. ప్రతివాళ్లకీ సీటీ అక్కర్లేదు.

ఇన్ఫెక్షన్ ఉంటే ఫెటూయిన్-ఎ ఇంకా పడిపోతుంది. మెడలో క్యాథెటర్ గొట్టంతో నెలలు గడపకుండా చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపే ఆపరేషన్) ముందే చేయించుకోవాలనడానికి ఇదీ ఒక కారణమే. చీము పట్టిన పన్ను ఉంటే దాని సంగతీ చూడండి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది, దాంతో మాట్రిక్స్ గ్లా ప్రొటీన్ పనికిరాకుండా పోతుంది. గుండె లయ తప్పినందుకు వాడుతుంటే దాని బదులు అపిక్సబాన్ కుదురుతుందేమో అడగండి. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకి వార్ఫరినే కావాలి. ఎవరూ తమంతట తాము ఆపకూడదు. పొట్ట మీదో తొడల మీదో భరించలేని నొప్పితో ఊదారంగు మచ్చలొస్తే ఆ రోజే నెఫ్రాలజిస్ట్‌కి చూపించాలి.

షుగర్ కూడా ఉన్నవాళ్లు కాళ్ల రక్తప్రసరణ పరీక్షలో ఇంకో సంగతి గమనించాలి. సున్నం పట్టిన నాళం బీపీ పట్టీకి నొక్కుకోదు కాబట్టి చీలమండ దగ్గర బీపీ ఎక్కువ చూపిస్తుంది. చీలమండ-చేయి నిష్పత్తి (చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చేది) 1.4 దాటితే రక్తం బాగా పారుతోందని కాదు. అప్పుడు బొటనవేలి దగ్గర బీపీ కొలవమనండి.