అన్నీ ఆపాక కూడా మీటర్ తిరుగుతోందా?

నేను హనుమకొండలో ఇళ్ల వైరింగ్ పని చేస్తాను. ఈమధ్య నన్ను పిలిచేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: "అన్నా, ఈ నెల 210 యూనిట్లు వచ్చింది. ఎట్లనన్న 200 లోపల పడాలె." 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తోంది కదా. ఆ గీత దాటితే ఎక్కువైన పది యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. వెయ్యి రూపాయల పైమాటే. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు, అయినా అక్కడ కూడా 225 దాటాక ఒక్కో యూనిట్ 8 రూపాయల 75 పైసలు. అందుకే ఈ పదీ ఇరవై యూనిట్ల గురించి ఇంత చెబుతున్నాను. చాలా ఇళ్లలో వాటిని తినేది ఎవరూ వాడని సమయంలో నడిచే వస్తువులే.

ముందు మీ ఇంట్లో ఎంత పోతోందో కొలవండి. దానికి ఏమీ కొనక్కర్లేదు, మీటరే చెబుతుంది. డిజిటల్ మీటర్ మీద ఒక చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతుంటుంది. దాని దగ్గర 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ కాలడానికి ఆ లైటు అన్నిసార్లు వెలుగుతుందన్నమాట. రాత్రి పడుకునే ముందు ఫ్యాన్లు, లైట్లు ఆపండి. టీవీని రోజూ ఎలా ఆపుతారో అలాగే రిమోట్‌తో ఆపండి. ఫ్రిజ్ ప్లగ్ స్విచ్ ఓ పది నిమిషాలు తీసేయండి, డోర్ మాత్రం తెరవకండి. ఆ రోజు కరెంటు పోయి వచ్చి ఉంటే ఈ పని మర్నాటికి పెట్టుకోండి, ఎందుకంటే ఇన్వర్టర్ బ్యాటరీ చార్జింగ్ లాగుతూ ఉంటుంది.

ఇప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, లైటు ఒకసారి వెలిగాక మళ్లీ వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 3200 మీటరైతే 1125ను ఆ సెకన్లతో భాగించండి. 1600 మీటరైతే 2250ను భాగించండి. వచ్చేది వాట్లు. ఉదాహరణకు 3200 మీటర్ 30 సెకన్లకోసారి వెలిగితే 37 వాట్లకు పైనే. ఒక వాట్ నెలంతా నడిస్తే ముప్పావు యూనిట్‌కు కాస్త తక్కువ. అంటే ఈ ఇంట్లో నెలకు 27 యూనిట్లు ఎవరికీ పనికిరాకుండా పోతున్నాయి.

తర్వాత ఒక్కో ప్లగ్ స్విచ్ ఆపుతూ మళ్లీ లెక్కపెట్టండి. దేన్ని ఆపితే మధ్య సమయం బాగా పెరిగిందో అదే దొంగ. అన్నీ తీసేసి, మెయిన్ కూడా దించేశాక ఆ లైటు ఇంకా వెలుగుతుంటే అది మీ వస్తువుల సమస్య కాదు. మీటర్ తర్వాత ఇంకెవరిదో వైరు కలిసి ఉండాలి, లేదా మీటరే తేడాగా ఉండాలి. మీరు విప్పి చూడొద్దు, కరెంటు ఆఫీసులో రాసి ఇవ్వండి.

నేను చూసిన ఇళ్లలో మొదటి దొంగ ఎక్కువగా సెట్‌టాప్ బాక్సే. కొత్త టీవీలు రిమోట్‌తో ఆపితే ఒక వాట్ కూడా తీసుకోవు. పక్కనున్న బాక్స్ మాత్రం, ముఖ్యంగా పాతదైతే, బొమ్మ ఆపేసి లోపల పని మామూలుగానే చేసుకుంటుంది. అర్ధరాత్రి దాని మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. వేడి ఉందంటే కరెంటు పోతున్నట్టే. పాత హోమ్ థియేటర్లకూ ఇదే పరీక్ష. పది వాట్ల బాక్స్ మీరు టీవీ చూడని 19 గంటల్లోనే నెలకు ఐదున్నర యూనిట్లు దాటిస్తుంది.

ఈ సంగతి చాలామందికి తెలుసు, అయినా ఆపరు. వాళ్లది బద్ధకం అనడం నాకు నచ్చదు. కార్పెంటర్ టీవీ యూనిట్ చేసినప్పుడు బోర్డును చెక్క వెనక్కి పడేస్తాడు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ రోజూ వంగి, చెయ్యి దూర్చి స్విచ్ ఎలా తీస్తుంది? అందుకే నేను ముందు అడిగేది స్విచ్ ఎక్కడుంది అనే. మీటరున్నర వైరు, ఒక కేసింగ్ పట్టీ, ఒక స్విచ్ ఉంటే చాలు. టీవీ పాయింట్ స్విచ్‌ను పడగ్గదికి వెళ్లే దారిలో, లైటు స్విచ్ పక్కనే బిగిస్తాను. లైటు ఆపే చెయ్యి దాన్నీ ఆపుతుంది. అద్దె ఇల్లయితే ఒక్కో సాకెట్‌కు విడి స్విచ్ ఉన్న మంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొని చేతికందే చోట పెట్టండి. వైఫై రూటర్‌కు మాత్రం వేరే పాయింట్ ఇవ్వండి, లేకపోతే టీవీ ఆపినప్పుడల్లా నెట్ పోయి ఇంట్లో గొడవ. ఏసీ, గీజర్, ఇస్త్రీపెట్టె ఎక్స్‌టెన్షన్ మీద ఎప్పుడూ వద్దు.

దోమల లిక్విడ్ మిషన్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది సుమారు ఐదు వాట్లు తీసుకుంటుంది. పగలంతా మరిచిపోతే ఒక్కో గదిలో నెలకు రెండు యూనిట్లు అదనం, సీసా కూడా త్వరగా అయిపోతుంది. ఏసీ వాడని కాలంలో, అంటే మన దగ్గర దీపావళి నుంచి శివరాత్రి దాకా, దాని ఎమ్‌సీబీ (మెయిన్ బోర్డులో దానికి విడిగా ఉండే చిన్న స్విచ్) దించేయండి. స్టెబిలైజర్ ఖాళీగా ఉన్నా కొంత లాగుతూనే ఉంటుంది. అయితే ఏసీ నడిచే రోజుల్లో ఎమ్‌సీబీని స్విచ్‌లా వాడొద్దు. రిమోట్‌తో ఆపండి. ఎమ్‌సీబీ దించాల్సి వస్తే ఫ్యాన్ పూర్తిగా నిలిచాకే దించండి.

గీజర్‌లో నీళ్లు చల్లారిన ప్రతిసారీ అది మళ్లీ కాస్తుంది. దాని మీదుండే స్టార్లు ఇచ్చేది కూడా, వేడినీళ్లు ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందో కొలిచే. స్నానానికి పావుగంట ముందు వేసి, స్నానాల గదిలోకి వెళ్లేటప్పుడు ఆపండి.

ఫోన్ చార్జర్ల గురించి పిల్లలను తిట్టొద్దు. మంచి చార్జర్ ఖాళీగా ఉంటే నెలకు పావు యూనిట్ కూడా కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో వైరు నోట్లో పెట్టుకోకుండా తీసేయండి, అది వేరే సంగతి. వాషింగ్ మెషిన్, ఓవెన్ గడియారం కూడా అంతంతే.

ఇన్వర్టర్‌ను మాత్రం పొదుపు కోసం రోజుల తరబడి ఆపకండి, బ్యాటరీ పాడవుతుంది. దానికి బదులు డిస్టిల్డ్ వాటర్ ఎంతుందో చూస్తుండండి. రెండు రోజులుగా కరెంటు పోకపోయినా బ్యాటరీ వేడిగా ఉందంటే అది చార్జింగ్ నిండక లాగుతూనే ఉంది. మీ లెక్కలో దొరకని వాట్లు అక్కడే ఉండొచ్చు. బ్యాటరీ మెకానిక్‌కు చూపించండి.

వారం పైగా ఊరెళ్తుంటే అన్నీ ఒకేసారి దించకుండా డీబీలో, అంటే ఎమ్‌సీబీలన్నీ ఉండే పెట్టెలో, ఏ ఎమ్‌సీబీ దేనిదో ముందే స్టిక్కర్ మీద రాసుకోండి. గీజర్, ఏసీ, టీవీ గది దించేయండి. ఫ్రిజ్‌లో సరుకుంటే అది, ఇన్వర్టర్, సీసీ కెమెరా ఉంచండి. ఫ్రిజ్ ఖాళీ చేసి ఆపితే తుడిచి, తలుపు కొంచెం తెరిచి పెట్టి వెళ్లండి, వాసన పట్టదు.